ముప్పై ఆరేళ్లుగా ఒకటే కంపెనీ బండి: ఇప్పుడు మారితే తప్పా?

ప్రశ్న

ఉప్పల్‌లో ఉంటున్న 44 ఏళ్ల పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. క్లుప్తంగా ఆయన కథ ఇది.

వాళ్ల నాన్నగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. 1990లో హీరో హోండా సీడీ 100 కొని ఇరవై ఒక్క ఏళ్లు నడిపారు. 2011 ఉగాదికి కొడుకు చేత కూడా అదే కంపెనీ స్ప్లెండర్ ప్లస్ కొనిపించారు. ఏపీ 29 నంబరు. ఇప్పటికీ ఆయన తిరుగుతున్నది ఆ బండి మీదే. మీటరులో 1,46,000 కిలోమీటర్లు కనిపిస్తున్నాయి. మధ్యలో కేబుల్ తెగి ఏడాదిపాటు మీటరు తిరగలేదు కాబట్టి అసలు లెక్క ఇంకా ఎక్కువే. మూడేళ్ల కిందటి దాకా నాచారంలో ఉద్యోగం, ఇప్పుడు గచ్చిబౌలి. రోజుకు రానుపోను 60 కిలోమీటర్లు.

ఆరు నెలలుగా పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తోంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ రేజ్ చేస్తే మళ్లీ పొగ. పదిహేను రోజులకోసారి 200 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ పోయాల్సి వస్తోంది. 62 ఇచ్చే మైలేజీ 48కి పడింది. ఇంజిన్‌లోంచి చైన్ కొట్టుకుంటున్నట్టు చప్పుడు. గల్లీ మెకానిక్ ‘ఇంజిన్ పని, తొమ్మిది వేలు’ అన్నాడు. వచ్చే ఏప్రిల్‌తో రిజిస్ట్రేషన్ గడువు కూడా ముగుస్తుంది.

ఆయన మనసు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద ఉంది. ఆ మాట ఎత్తితే నాన్నగారు భోజనం దగ్గర్నుంచి లేచి వెళ్లిపోయారట. ‘ఒక్క రోజు కూడా నడిరోడ్డు మీద వదిలేయని కంపెనీని వదిలేసి ఆయిల్ కారే బండి తెస్తావా?’ అన్నారు. ఇరవై ఏళ్ల కొడుకు స్ప్లెండర్‌ను పాలబండి అంటాడు, దాన్ని తీసుకుని కాలేజీకి వెళ్లడు. భార్య వెనక కూర్చుంటే నడుం నొప్పి అంటున్నారు, స్కూటర్ అయితే తానూ నడుపుతానంటున్నారు. చేతిలో ఉన్నది, అప్పు కలిపి, రెండు లక్షల ఇరవై వేలు. ‘ఇన్నేళ్లు నమ్మిన కంపెనీకి ద్రోహం చేస్తున్నానా, లేక ఈ వయసులో పిల్లాడిలా బుల్లెట్ మోజు పడుతున్నానా?’ అని అడిగారు.

సమాధానం

ద్రోహం అనే మాటతోనే మొదలుపెడదాం. మీ ఇంట్లో గొడవంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

మీరు నమ్మిన కంపెనీ ఇప్పుడు ఏది? హీరో, హోండా విడిపోతున్నట్టు ప్రకటించింది 2010 డిసెంబరులో. మీరు బండి కొన్నది ఆ తర్వాత నాలుగు నెలలకు. అదే ఏడాది కంపెనీ పేరు హీరో మోటోకార్ప్ అయింది. అంటే మీ ట్యాంకు మీదున్న జంట పేరుతో ఇవాళ ఏ షోరూమూ లేదు. ఆ పాత ఇంజిన్ హీరో దగ్గర కొనసాగింది. అటు హోండా 2023లో షైన్ 100 తెచ్చి అదే కొనుగోలుదారుడిని పిలిచింది. కొత్త స్ప్లెండర్ తీసుకుంటే హోండాకు ద్రోహం, షైన్ తీసుకుంటే హీరోకు ద్రోహం. నాన్నగారిని ఈ ప్రశ్న ఒకసారి అడిగి చూడండి, వాదించడానికి కాదు. ఆయన ఇచ్చే జవాబులో ఆయన దేన్ని నమ్మారో బయటపడుతుంది.

డిపోలో పనిచేసిన మనిషి పేరును చూసి నమ్మి ఉండరు. 1985లో వచ్చిన సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, రెండింటిదీ మూలంలో ఒకే ఇంజిన్: 50 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 49.5 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 97.2 సీసీ. కింద పెట్టిన చిన్న ఇంజిన్, తక్కువ వేడి, తక్కువ బరువు. కార్బురేటర్‌ను స్క్రూడ్రైవర్‌తో సరిచేయొచ్చు. బ్యాటరీ చచ్చినా కిక్ కొడితే లేస్తుంది. చైన్ పూర్తిగా కవర్‌లో ఉంటుంది కాబట్టి దుమ్ము పడదు. ఏ గల్లీలో ఆగినా విప్పి బిగించే మనిషి ఉంటాడు, రాణిగంజ్‌లో దొరకని పార్టు లేదు. మీ నాన్నగారి నమ్మకం వీటన్నిటి మీద. ‘నింపు, మూసెయ్, మర్చిపో’ అని కంపెనీ ప్రకటన ఇచ్చుకుంది కానీ, మీ సీడీ 100 ఇరవై ఒక్క ఏళ్లు నడిచింది ఎవరో మర్చిపోనందుకే. ఆదివారం పూట ఆయిల్ చూసి, టాపెట్ సర్ది, ఎయిర్ ఫిల్టర్ దులిపిన చేతులు ఆయనవి. మీ స్ప్లెండర్‌కు అలాంటి ఆదివారాలు ఎన్ని దక్కాయో మీకే తెలుసు.

అదీ కాక, ఇవాళ షోరూమ్‌లో ఉన్న స్ప్లెండర్ మీ నాన్నగారు కొనిపించిన స్ప్లెండర్ కాదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఫ్యూయెల్ ఇంజెక్షన్, సెన్సర్లు వచ్చాయి. చోక్ లేదు. పెట్రోల్‌ను పంపు తోస్తుంది, ఆ పంపుకు కరెంటు కావాలి. ఏదైనా మొరాయిస్తే స్క్రూడ్రైవర్‌తో పని జరగదు, స్కానర్ పెట్టి చూడాలి. నమ్మకమైన బండే, కాకపోతే నమ్మకం తీరు మారింది. అందువల్ల మీ ముందున్న ఎంపిక ‘పాత నమ్మకమా, కొత్త మోజా’ అన్నది కాదు. ఏ కొత్త బండి కొన్నా కొత్త అలవాట్లు నేర్చుకోవాల్సిందే.

ఇక మీ బండి సంగతి. ఏ నిర్ణయానికైనా ముందు దాని ఆరోగ్యం తెలియాలి. తొమ్మిది వేలు అన్న ఒక్క అంకె మీద ఏదీ తేలదు.

మీరు చెప్పిన రెండు పొగలకూ రెండు కారణాలు. రాత్రంతా నిలబడ్డ బండి పొద్దున ఒక్కసారి గుప్పుమని పొగ వదిలి ఆగిపోతే వాల్వ్ సీల్స్ గట్టిపడ్డట్టు. పైనున్న ఆయిల్ రాత్రికి రాత్రి వాల్వ్ కాడ వెంట దిగి, స్టార్ట్ చేయగానే కాలుతుంది. ఎత్తు ఎక్కుతూ రేజ్ చేసినప్పుడు ఆగకుండా వచ్చే పొగ పిస్టన్ రింగులు, బోరు అరిగినందుకు. మీకు రెండూ ఉన్నాయి. అయినా అనుమానం తీర్చుకోవడానికి కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూసే పరీక్ష) చేయించండి. ఇంజిన్ వేడెక్కాక ప్లగ్ విప్పి గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఐదారు కిక్‌లు కొట్టి అంకె రాసుకోవాలి. తర్వాత ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ అదే పని. అంకె బాగా పెరిగితే తప్పు రింగులది. పెద్దగా కదలకపోతే వాల్వులది. పావుగంట పని. ఈ పరీక్షకు నాన్నగారిని వెంట తీసుకెళ్లండి. పెద్ద పెద్ద ఇంజిన్లు విప్పిన మనిషికి ఆ గేజ్ చెప్పేది మీ మాటకన్నా బాగా వినబడుతుంది.

ఒక హెచ్చరిక. పదిహేను రోజులకు 200 మిల్లీలీటర్లంటే, మీరు తిరిగే దూరానికి, దాదాపు 750 కిలోమీటర్లకు 200. ఈ ఇంజిన్‌కు పోసే సీసా మొత్తం 900 మిల్లీలీటర్లే. ఒక నెల మరిచిపోతే ఇంచుమించు సగం ఆయిల్ ఖాళీ. అప్పుడు ముందు చెడేది పైనున్న క్యామ్, రాకర్లు. ఏదో ఒకటి తేల్చుకునేదాకా వారానికోసారి డిప్‌స్టిక్ చూడండి. బండి మెయిన్ స్టాండ్ మీద ఉండాలి, స్టిక్‌ను మరలు తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి తీసి చూడాలి. బిగించి చూసేవాళ్లకు ఉన్నదానికన్నా ఎక్కువ ఆయిల్ కనిపిస్తుంది.

‘ఇంజిన్ పని’ అన్నదాంట్లో ఏమేం ఉన్నాయో మెకానిక్ చేత చీటీ రాయించుకోండి. బ్లాక్ బోరు చేయించి 0.25 లేదా 0.50 ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తాడా, లేక కొత్త బ్లాక్, పిస్టన్ కిట్టే వేస్తాడా? బోరు అయితే లేత్‌లో కోసి వదిలేయకుండా హోనింగ్ కూడా చేయాలి. గోడ మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు కనిపించాలి, ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. అద్దంలా మెరుస్తుంటే కొత్త రింగులు కూర్చోవు, రెండు నెలల్లో పొగ మళ్లీ హాజరు. వాల్వ్ సీల్స్ మార్చి, వాల్వులను సీట్లకు రుద్దించాలి. గైడ్లు వదులైతే కొత్త సీల్స్ కూడా నిలవవు. ఆ చప్పుడు ఇంజిన్ లోపల వాల్వులను నడిపే టైమింగ్ చైన్‌దే అయ్యుంటుంది. చైన్ ఒక్కటే మార్చడం దండగ, టెన్షనర్, రోలర్లు కలిపి సెట్టుగా మార్చాలి. బ్లాక్ విప్పినప్పుడు కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడమనండి. పక్కలకు కాస్త కదలడం మామూలే. పైకీ కిందికీ ‘టక్’ మంటే క్రాంక్ పని కూడా వచ్చిపడినట్టు. అప్పుడు తొమ్మిది వేల మాట మర్చిపోవాలి.

ఈ ఇంజిన్ విషయంలో చాలామంది వదిలేసే పని ఇంకొకటుంది. దీనికి మార్చే కాగితం ఆయిల్ ఫిల్టర్ ఉండదు. క్లచ్ దగ్గర గిరగిరా తిరిగే గిన్నెలాంటి ఫిల్టర్, అడుగున జాలీ ఉంటాయి. లక్షన్నర కిలోమీటర్ల మడ్డి ఆ గిన్నెలో నల్ల బంకలా పేరుకుని ఉంటుంది. క్లచ్ కవర్ విప్పినప్పుడు దాన్ని, జాలీని కడగకపోతే కొత్త పిస్టన్‌కు పాత మురికి తాగించినట్టే. పాత పార్టులన్నీ తిరిగి ఇమ్మనండి, ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు.

ఇంతా చేయిస్తే ఇంజిన్ మళ్లీ చాలా ఏళ్లు లాగుతుంది. మొదటి 500 కిలోమీటర్లు 45 దాటకుండా, ఒకే వేగంలో అలాగే లాగకుండా, వెనక మనిషిని ఎక్కించుకోకుండా నడపాలి. 500 నిండగానే ఆయిల్ పారబోసి కొత్తది పోయాలి. కానీ ఇంజిన్ ఒక్కటే బండి కాదు కదా. హ్యాండిల్ కోన్‌సెట్, స్వింగ్ ఆర్మ్ బుష్‌లు, ముందు ఫోర్క్ సీల్స్, వెనక షాకర్లు, చక్రాల బేరింగులు, వైరింగు అన్నీ ఆ ఇంజిన్‌తో పాటే తిరిగాయి. మీ శ్రీమతి నడుం నొప్పికి ఆ వెనక షాకర్లు కూడా కారణం కావచ్చు. పైగా ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2011 నాటి రబ్బరు పైపులు, కార్బురేటర్ ఓ-రింగులు దానికోసం చేసినవి కావు. ఉబ్బుతాయి, పగుళ్లిస్తాయి. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి వాటినీ మార్పించేయండి, ఖర్చు వందల్లోనే.

ఈ బండిని బాగు చేయించడం తెలివైన పనేనా అంటే, దాన్ని దేనికి వాడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. రోజూ 60 కిలోమీటర్లు, సిగ్నళ్ల మధ్య బస్సుల పక్కన, రెండు వైపులా డ్రమ్ బ్రేకులతో? నాచారానికి వెళ్లొచ్చినన్నాళ్లూ అది మీకు సరిపోయింది. గచ్చిబౌలికి అది సరైన బండి కాదు, ఇంజిన్ కొత్తదైనా సరే. మీ అభిరుచి మారిందని మీరు సిగ్గుపడుతున్నారు గానీ, ముందు మారింది మీ దారి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నిటికీ, 125 సీసీ దాటితే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది), ఆ లోపు వాటికి కనీసం రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఈ మార్పు మోజుల కిందికి రాదు.

అలాగని నేరుగా 350 దగ్గరికి దూకేయొద్దు. కాసేపు లెక్క చూద్దాం.

నెలకు 1,500 కిలోమీటర్లు, పెట్రోలు లీటరు 107 రూపాయలు అనుకుందాం. బాగైన స్ప్లెండర్ 62 ఇస్తే నెలకు 24 లీటర్లు, దాదాపు 2,600 రూపాయలు. 125 సీసీ బండి 55 ఇస్తే 2,900. క్లాసిక్ 350 మన ట్రాఫిక్‌లో 33 ఇచ్చిందనుకుంటే 45 లీటర్లు, 4,850 పైన. పాత బండితో పోలిస్తే ఏడాదికి 27 వేలు అదనం, పెట్రోలుకే. దాని మీద అప్పు కిస్తీ. ఈ అంకె చూసి కూడా ‘సరే’ అనిపిస్తే ఆ కోరిక గట్టిదే. కోరికకు డబ్బు పెట్టడం తప్పు కాదు, దాన్ని అవసరం పేరుతో ఇంట్లో చెప్పడంతోనే పేచీ వస్తుంది. ‘నాకిది ఇష్టం, ఏడాదికి ఇంత ఎక్కువవుతుంది, దాన్ని ఇక్కడ తగ్గించుకుంటాను’ అని చెప్పండి. మీ నాన్నగారు లేచి వెళ్లిపోయిన రోజు మీరు ఏ మాటతో మొదలుపెట్టారో నాకు తెలియదు. ‘ఈ డొక్కు బండి’ అని మొదలుపెట్టి ఉంటే మాత్రం ఆయన లేచి వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

ఆయిల్ కారే బండి అన్న మాటకు జవాబు. ఆయన చూసిన బుల్లెట్ విషయంలో అది నిజం. కుడివైపు గేరు, పోత ఇనుము బ్లాకు, విడిగా బిగించిన గేర్‌బాక్సు, ఎన్నో జాయింట్లు, ప్రతి జాయింటూ ఒక చెమ్మ. కానీ ఆ కంపెనీ ఇంజిన్‌ను అప్పటినుంచి రెండుసార్లు పూర్తిగా మార్చింది. 2009 ప్రాంతంలో గేర్‌బాక్సుతో కలిసిన యూసీఈ ఇంజిన్ వచ్చింది. 2020 చివర్లో మీటియర్ అనే మోడల్‌తో జె-సిరీస్ ఇంజిన్ వచ్చింది, 2021 సెప్టెంబరులో అదే క్లాసిక్‌లోకి ఎక్కింది. ఇప్పటి 349 సీసీ ఇంజిన్ 20.2 బీహెచ్‌పీ, 27 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. వణుకు బాగా తగ్గింది. పాత బుల్లెట్ భక్తులు ‘ఆ దుగ్‌దుగ్ పోయింది’ అని నిట్టూరుస్తున్నది అందుకే. చూశారా, అక్కడా ఇదే గొడవ: పేరు అదే, లోపలిది వేరు.

స్ప్లెండర్ చేతులు క్లాసిక్ మీద చేసే పొరపాట్లు కొన్ని ఉన్నాయి. మొదటిది చైన్. ఇన్నేళ్లు కవర్‌లో దాగి ఉంది, మీరు చూసింది లేదు. క్లాసిక్‌ది బయటే ఉంటుంది. 500 కిలోమీటర్లకోసారి తుడిచి లూబ్ కొట్టాలి, అంటే మీకు నెలకు మూడుసార్లు. కొట్టకపోతే చైన్, స్ప్రాకెట్లు కలిపి ముందే మార్చాల్సి వస్తుంది. రెండోది కిక్. కొత్త క్లాసిక్‌కు కిక్ రాడ్ లేదు. బ్యాటరీ నీరసిస్తే బండి కదలదు. మూడు, నాలుగేళ్లు దాటిన బ్యాటరీని అది చచ్చేదాకా లాగకుండా మార్చేయాలి. నాన్నగారి భయం ‘నడిరోడ్డు మీద వదిలేయడం’ కాబట్టి ఈ సంగతి ఆయనకు ముందే చెప్పండి, తర్వాత తెలిస్తే ఇంకో గొడవ. మూడోది పంక్చరు. స్పోక్ చక్రాల మోడల్‌లో ట్యూబు ఉంటుంది, వెనక చక్రం విప్పడం గల్లీ పంక్చర్ షాపులో అందరికీ నచ్చే పని కాదు. రోజూ అంత దూరం తిరిగేవాళ్లకు అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్ల మోడలే మేలు, ఫొటోలో అందం కాస్త తగ్గినా. నాలుగోది సర్వీసు. ఆయిల్ మార్చాల్సింది 10,000 కిలోమీటర్లకో ఏడాదికో అని ఉంటుంది. మీకు 10,000 ఏడు నెలల్లోనే అవుతుంది. ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో అయితే ఆరు వేలకే మార్చడం మంచిదంటాను.

అన్నిటికన్నా పెద్ద తేడా బరువు. మీ స్ప్లెండర్ 109 కిలోలు, క్లాసిక్ 195. కదిలాక తెలియదు. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద వెనక్కి నెట్టేటప్పుడు, రోడ్డు పక్క వాలులో ఆపి మళ్లీ తిప్పేటప్పుడు నడుముకు తెలుస్తుంది. టెస్ట్ రైడ్ అంటే షోరూమ్ చుట్టూ ఖాళీ రోడ్డులో రెండు కిలోమీటర్లు కాదు. సాయంత్రం ఆరున్నరకు, శ్రీమతిని వెనక ఎక్కించుకుని, కనీసం అరగంట. అద్దెకు ఇచ్చేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. ఒక పనిదినం అద్దెకు తీసుకుని మీ దారిలోనే ఆఫీసుకు వెళ్లిరండి. మీ ఎడమచెయ్యి క్లచ్ గురించి చెప్పేది ఏ రివ్యూ చెప్పదు. బరువే అడ్డమనిపిస్తే అదే ఇంజిన్‌తో హంటర్ 350 ఉంది, 181 కిలోలు. దాని వెనక సీటు మాత్రం మీ శ్రీమతి కూర్చుని చూసి చెప్పాలి.

పాతది చవకగా దొరుకుతోందని 2020కి ముందరి క్లాసిక్ చూస్తే ఒకటి గుర్తుంచుకోండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టించండి. ‘కర్ర్’మని జారిన చప్పుడు వస్తే, సెల్ఫ్ మోటారును ఇంజిన్‌కు పట్టించే స్ప్రాగ్ క్లచ్ పోయినట్టు. నీరసించిన బ్యాటరీతో సెల్ఫ్ కొట్టీ కొట్టీ చెడగొట్టుకునే పార్టు అది. అమ్మేవాడు ‘కిక్‌తో స్టార్ట్ అవుతుంది కదా’ అంటే అక్కడితో ఆపేయండి.

బడ్జెట్ మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ పైన 40కి పెరిగింది. 349 సీసీ బండి గీతకు ఇవతలే ఉంది. లైఫ్ ట్యాక్సు, ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు కలిపాక మీ డబ్బంతా దానికే సరిపోతుంది. అంటే శ్రీమతి స్కూటర్ వాయిదా పడుతుంది. ఈ మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆమె కోరిక మీద ఒక్క వాక్యం, మీ కోరిక మీద రెండు పేజీలు రాశారు.

అందుకే ఇంకో దారి కూడా తూచి చూడండి. మీరు 125 సీసీ బండి తీసుకోవడం, మిగిలినదానితో, కొంచెం అప్పుతో ఆమెకు స్కూటర్. షైన్ 125, రైడర్ 125, ఎక్స్‌ట్రీమ్ 125ఆర్ లాంటివి మీ దారికి చాలు. చివరిది హీరో వాళ్లదే కాబట్టి నాన్నగారి మాటా నిలుస్తుంది, ‘పాలబండి’ అనడానికి మీవాడికీ నోరు రాదు. ఇంటికి రెండు కొత్త బండ్లు. మీకు మాత్రం క్లాసిక్ ముందు నుంచి పోయినప్పుడల్లా మెడ తిరుగుతూనే ఉంటుంది, ఆ చిన్న వెలితి ఎన్నేళ్లు ఓర్చుకోగలరో మీరే చెప్పాలి. రెండేళ్లకే ఇది అమ్మేసి అది కొంటే, ముందే అది కొన్నదానికన్నా ఎక్కువ పోతుంది. (నాన్నగారు కంపెనీ పేరు మీదే పట్టుబడితే, హార్లీ డేవిడ్‌సన్ ఎక్స్440 తయారుచేసేది హీరోనే అని చెప్పి ముఖం చూడండి. అది మీ బడ్జెట్‌లోది కాదు, 40 శాతం పన్ను వైపుది కూడా. అయినా పేర్ల మీద నమ్మకం ఇవాళ ఎంత చిక్కుముడో తెలుస్తుంది.)

ఇంకొక దారి మీరు తలవనే లేదు. ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఉంది. పాత స్ప్లెండర్‌ను బాగు చేయించి స్టేషన్ దాకా వాడి, అవతల ఆఖరి నాలుగైదు కిలోమీటర్లకు షేర్ ఆటోనో ఆఫీసు బస్సో పట్టుకుంటే బండి తిరుగుడు రోజుకు 60 నుంచి ఐదారుకు పడుతుంది. షిఫ్టు వేళలు కుదరాలి, కుదరకపోతే ఇది కాగితం మీది మాటే. కుదిరితే క్లాసిక్ లెక్క కూడా తలకిందులవుతుంది. ఆదివారం అనంతగిరి, ఎప్పుడైనా శ్రీశైలం వెళ్లే బండికి మైలేజీ ఎవరు చూస్తారు? శ్రీశైలం అయితే మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, దానికి ముందే అడవి దాటేలా బయల్దేరాలి.

కొడుకు గురించి రెండే మాటలు. అతని ఇష్టాన్ని ఈ లెక్కలో కలపొద్దు. అతను నడపని బండి అతనికోసం కొనకండి, మీరు కొన్న బండి అతనికి నచ్చాలని ఎదురుచూడకండి.

ఇప్పుడు తేదీలున్న పని. ఏ దారి ఎంచుకున్నా ఏప్రిల్ మీకోసం ఆగదు. పాత బండి ఉంచుకోవాలంటే రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాలి. గడువుకు 60 రోజుల ముందు నుంచి ఫారం 25తో దరఖాస్తు తీసుకుంటారు. అంటే ఫిబ్రవరిలోనే మొదలుపెట్టొచ్చు. రవాణా శాఖ సైట్‌లో స్లాట్ తీసుకుని, ఆర్‌సీ, చెల్లే ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, గ్రీన్ ట్యాక్స్ కట్టిన రసీదుతో బండినే తీసుకెళ్లాలి. ఇన్‌స్పెక్టర్ చాసిస్ నంబరు సరిచూస్తారు, లైట్లు, హారను, బ్రేకులు, టైర్లు చూస్తారు. చాసిస్ నంబరు మీద పదిహేనేళ్ల మురికి, తుప్పు ఉంటాయి. వెళ్లే ముందే కిరోసిన్ గుడ్డతో తుడిచి చదవగలిగేలా చేసుకోండి, సగం మంది వెనక్కి వచ్చేది అక్కడే. పొగ వదులుతూ వెళ్తే పొల్యూషన్ దగ్గరే ఆగిపోతారు, కాబట్టి ఉంచుకునేట్టయితే ఇంజిన్ పని ముందు, ఆర్‌టీఏ తర్వాత. ఏపీ నంబరు మార్చనక్కర్లేదు. గడువు దాటిన ఆర్‌సీతో తిరగడం చలానాతో పోయే సంగతి కాదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లకు మీరే వంక చూపించినట్టు.

అమ్మేస్తే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి వదిలేయకుండా పేరు మారిన ఆర్‌సీ కాపీ మీ చేతికి వచ్చేదాకా వెంటపడండి. కాగితం మీద యజమాని మీరే అయితే ఆ బండి ఎవరిని గుద్దినా నోటీసు ఉప్పల్‌కే వస్తుంది. ఎక్స్ఛేంజ్‌లో షోరూమ్‌కు ఇచ్చినా ఇదే మాట.

నా మొగ్గు ఎటని అడిగితే, మెట్రో కుదిరేట్టయితే స్ప్లెండర్ బాగుచేయింపు, ఇంకో ఏడాది ఆగి క్లాసిక్. కుదరకపోతే 125, స్కూటర్. ఆ అద్దె బండి రోజు తర్వాత మీ మనసు వేరే చెబితే ఇది పక్కన పెట్టేయండి, రోజుకు 60 కిలోమీటర్లు కూర్చోవాల్సింది మీరు.

పాత బండి ఇంట్లో ఉండిపోతే ఊరికే నిలబెట్టొద్దు. వారానికోసారి పది నిమిషాలు తిరగాలి, లేకపోతే కార్బురేటర్‌లో పెట్రోలు ఎండి జెట్ మూసుకుపోతుంది. ఎక్కువ రోజులు నిలపాల్సి వస్తే పెట్రోల్ ట్యాప్ మూసి, కార్బురేటర్ కింద స్క్రూ వదులు చేసి ఉన్నది దించేయాలి. ఈ పని నాన్నగారికి చెప్పి చేయించాల్సిన అవసరం రాదనుకుంటాను. తాళంచెవి ఆయనకు అందేచోట పెట్టండి చాలు.